మేడ వెనకదారి

మా ఆసుపత్రి కొత్త మేడ తెరిచిన రోజుల్లో పెళ్ళివాళ్ళు వచ్చి ముందుహాల్లో ఫొటోలు తీయించుకునేవాళ్ళు. అంత అందంగా ఉండేది. పాతకాలపు జావా పెద్దిళ్ళలో లాగా నాలుగు టేకు స్తంభాలు, వాటి మీద ఎత్తుగా లేచిన కప్పు, మధ్యలో చిన్న నీటికుండీ, ఎదురుగా గోడంత అద్దం. మబ్బు లేని రోజున ఆ అద్దంలోంచి మెర్బాబు కొండ మొత్తం కనపడుతుంది. మందుల వాసన కూడా రాదు. గేటు దగ్గర కాపలా ఉండే గియార్తో అనే అతను, "పెళ్ళికూతుళ్ళు ఇటు, రోగులు అటు" అని అరుస్తుండేవాడు. పెళ్ళివాళ్ళు నవ్వేవాళ్ళు, రోగులు కూడా నవ్వేవాళ్ళు.

నేను మూడో అంతస్తులో మగవాళ్ళ వార్డుకి పెద్ద నర్సుని. నా పేరు వర్సితి. పాత ఆసుపత్రిలో చేరి ఈ మేడలోకి మారినదాన్ని కాబట్టి, దాని విలువ నాకు బాగా తెలుసు.

మేడ గీసిన ఆర్కిటెక్టు దనుర్వెందో గారు మా ఊరివాడే. సెమరాంగ్‌లో పెద్ద ఆఫీసు పెట్టాడు. ఈ మేడకి ఆయనకి బహుమతి కూడా వచ్చింది. తెరిచిన రోజున మైకు పట్టుకుని పొడుగు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "ఇందులోకి వచ్చిన మనిషికి చావు అన్న మాట గుర్తుకు రాకూడదు. నేను కోరుకున్నది అదొక్కటే" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

కొన్నేళ్ళకి ట్రస్టువాళ్ళు పక్కన ఇంకో మేడ వేయాలనుకున్నారు. గుండెజబ్బులకీ, క్యాన్సర్‌కీ. ఇదే నమూనా మళ్ళీ కట్టేస్తే సరిపోతుందన్నారు. కుదరదన్నది దనుర్వెందో గారే. "ముందు దీన్ని వాడినవాళ్ళని అడిగించండి. ఏది కుదిరిందో ఏది కుదరలేదో తెలిశాక గీస్తాను" అన్నాడు. అడగడానికి ఒకప్పటి తన శిష్యురాలినే పంపించాడు.

ఆమె పేరు కినాసిహ్. యోగ్యకర్తలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. పొట్టి జుట్టు, భుజానికి గుడ్డసంచి, సంచిలో ఎప్పుడూ అరటికాయ బజ్జీల పొట్లం. ఆమెతో తిరిగి వార్డులన్నీ చూపించమని నాకు పని పురమాయించారు.

"అయితే మా మేడకి మార్కులు వేయడానికి వచ్చారన్నమాట" అన్నాను మొదటిరోజు.

"మార్కులు వేసేది నేను కాదు ఇబు. గీసినాయన ఏమనుకుని గీశాడో రాసుకుంటాను. వాడినవాళ్ళకి ఏమనిపించిందో రాసుకుంటాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. అంతే" అంది, బజ్జీ నా వైపు చాపుతూ. ఆడవాళ్ళని ఇబు అనీ, మగవాళ్ళని పాక్ అనీ మర్యాదగా పిలవడం మా అలవాటు.

మొదట కాగితాలు పంచింది. గాలి ఎలా ఉంది, వెలుతురు ఎలా ఉంది, దారి తెలిసిందా, మనసుకి ఎలా అనిపించింది, ఒక్కోదానికీ అయిదుకి ఎన్ని ఇస్తారు అని. రోగులూ వాళ్ళ బంధువులూ నింపి నాకిచ్చారు, నేను తీసుకెళ్ళి ఆమెకిచ్చాను. ఆమె నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఒక్కొక్కటే తిరగేసి, చివరికి పకపకా నవ్వింది.

"అన్నీ అయిదుకి అయిదే! నా పెళ్ళిభోజనాన్ని కూడా ఇంతమంది మెచ్చుకోలేదు."

"బాగుంది కాబట్టి ఇచ్చారు" అన్నాను, కాస్త నొచ్చుకుని.

"బాగుంది, కాదనను. కానీ వీళ్ళు మేడని చూసి వేయలేదు, మీ మొహం చూసి వేశారు. రేపు సూది పొడిచేది మీరే కదా?"

నాకూ నవ్వొచ్చింది. ఆమె అన్నది నిజమే. మా వైపు ఎదుటివాళ్ళ మొహం మీద కాదు, లేదు అనం. అన్నం తిన్నావా అంటే, తినకపోయినా "ఇంకా" అంటాం గానీ లేదనం. అలాంటి మనుషులకి కాగితమిచ్చి లోపాలు చెప్పమంటే ఏం చెబుతారు?

తర్వాత ఆమె చూడ్డం మొదలుపెట్టింది. అది కూడా ఒక పద్ధతేనట. మేడ పటం ఒళ్ళో పెట్టుకుని ఓ మూల కూర్చునేది. ఎవరు ఎక్కడ ఆగారు, ఎక్కడ కూర్చున్నారు, ఎటు తిరిగి వెనక్కొచ్చారు, అన్నీ పటం మీద చుక్కలు పెట్టేది. గియార్తోకి ఆమె వాలకం అర్థం కాలేదు. "ఈవిడ పోలీసా?" అని నన్ను గుసగుసగా అడిగాడు. "కాదయ్యా, ఆర్కిటెక్టు" అంటే, "ఆర్కిటెక్టయితే నిలబడి చెయ్యి ఊపుతూ మాట్లాడాలి గానీ ఇలా చిలకజోస్యంవాడిలా కూర్చుంటారా" అన్నాడు.

ఆ చుక్కల్లో నాకూ తెలియని సంగతులు బయటపడ్డాయి. ముందుహాల్లో చెక్కిన బెంచీలమీద రోగుల బంధువులెవరూ కూర్చోరు. వాళ్ళంతా మూడో అంతస్తు మెట్ల మలుపులో చాపలు పరుచుకుని ఇరుక్కుని కూర్చుంటారు. అక్కడినుంచి వార్డు తలుపు కనపడుతుంది. డాక్టరు బయటికొస్తే పరిగెత్తొచ్చు. హాలు ఎంత అందంగా ఉన్నా అక్కడినుంచి తమవాడు కనపడడు కదా.

ఇక మూడో పద్ధతి, మనుషులతో కలిసి నడవడం. ఇక్కడ ఉండి వెళ్ళినవాళ్ళని మళ్ళీ పిలిచి, "మీరు వచ్చిన దారిలోనే నన్ను తీసుకెళ్ళండి, ఎక్కడేమనిపించిందో అక్కడే చెప్పండి" అనడం. కాగితం ముందు మూగబోయిన మనిషికి ఆ చోటుకి వచ్చి నిలబడితే మాట వస్తుందంటుంది ఆమె.

పిలవాల్సినవాళ్ళ సంగతి మాట్లాడడానికి డైరెక్టరు హాప్సారి గారి గదికి వెళ్ళాం. కినాసిహ్ నింపాదిగా, "నయమై వెళ్ళినవాళ్ళు సరే. ఇక్కడ పోయినవాళ్ళ ఇంటివాళ్ళు కూడా కావాలి" అంది.

డైరెక్టరు కళ్ళజోడు తీసింది. "వద్దమ్మా. వాళ్ళనెందుకు కదపడం? గోడల గురించి అడగాల్సింది వాళ్ళనా?"

"వాళ్ళూ ఈ మేడ వాడినవాళ్ళే మేడమ్."

డైరెక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. చివరికి ఒప్పుకుంది గానీ, షరతులు పెట్టింది. పిలిచేది నేనే, బలవంతం చేయకూడదు, వద్దంటే రెండోసారి అడగకూడదు. నేను ఫోన్లు చేశాను. చాలామంది మర్యాదగా తప్పుకున్నారు. ఒకరికి పొలం పని, ఒకరికి మోకాళ్ళ నొప్పి. వస్తానన్నది ఒక్క ఙాతినెమ్ మాత్రమే.

ఆవిడ తెంపే చేసి సంతలో అమ్ముతుంది. సోయాగింజలు ఉడకబెట్టి, టేకాకుల్లో కట్టి పులియబెట్టే తెంపే. భర్త సుకిది లారీ డ్రైవరు. మూత్రపిండాలు పాడై నా వార్డులో చాలా వారాలున్నాడు. నవ్వించేవాడు. రక్తపోటు చూడడానికి వెళితే, "చెయ్యి మెల్లిగా పట్టుకోండి ఇబు, మా ఆవిడ చూస్తోంది" అనేవాడు. ఆయన పోయిన రోజు నాకు సెలవు. మర్నాడు వచ్చేసరికి ఆ మంచంమీద ఇంకెవరో ఉన్నారు.

ఙాతినెమ్ చెప్పిన వేళకే వచ్చింది. మంచి బాతిక్ అద్దకపు లుంగీ కట్టుకుంది. నర్సులకని తెంపే మూట తెచ్చింది. కినాసిహ్‌ని చూసి చేతులు జోడించి, "నాకు చదువు రాదమ్మా, తప్పులు చెబుతానేమో" అంది.

"తప్పులుండవు ఇబు. మీకు గుర్తున్నదే చెప్పండి. ఎక్కడ దిగారు మొదట?"

గేటు దగ్గర మొదలుపెట్టాం. "ఇక్కడ దిగాం. మా అబ్బాయి మోటారుసైకిలు మీద ఆయన మధ్యలో, నేను వెనక. ఈ స్తంభాలు చూసి, 'ఇదేదో హోటల్లా ఉందే, తిరిగి పోదాం పద' అన్నాడాయన" అని నవ్వింది. హాల్లో నీటికుండీ దగ్గర ఆగి, ఇక్కడ కాళ్ళు చల్లగా అనిపించాయంది. లిఫ్టులో భయమేసిందంది. వార్డులో ఆయన మంచం పక్కన కిటికీ చూపించింది. "కొండ కనపడితే ఆయనకి ధైర్యం. అది ఇవాళ టోపీ పెట్టుకుందనో, తల దువ్వుకుందనో ఏదో ఒకటి అనేవాడు. ఈ కిటికీ పెట్టినాయన చల్లగా ఉండాలి."

కినాసిహ్ రాసుకుంటూ ఉంది. నాకు మనసులో సంతోషంగానే ఉంది, మా మేడని ఒకరు ఇంత బాగా చెబుతున్నందుకు.

"తర్వాత ఎటు వెళ్ళారు?" అని అడిగింది కినాసిహ్.

ఙాతినెమ్ మంచం దగ్గరనుంచి మెల్లిగా నడిచి నడవా చివరకి వెళ్ళింది. అక్కడ బూడిదరంగు తలుపు ఉంటుంది. 'సిబ్బందికి మాత్రమే' అని రాసి ఉంటుంది. ఆ తలుపు వెనక లిఫ్టు కింద నేలమాళిగకి పోతుంది. వంటసామానూ ఉతికిన దుప్పట్లూ అటే వస్తాయి. పోయినవాళ్ళు కూడా అటే వెళతారు. దనుర్వెందో గారు ఎంతో ఆలోచించి పెట్టిన దారి అది. శవాన్ని మోసే బండి కూడా ఆయన ప్రత్యేకంగా చేయించినదే. చుట్టూ రేకు, పైన చదునైన మూత, మూత మీద నీలం దుప్పటి. చూసినవాళ్ళు ఉతికిన బట్టలు పోతున్నాయనుకుంటారు. మాకది గొప్పగా ఉండేది. పక్క మంచాలవాళ్ళకి తెలియకుండానే అంతా అయిపోయేది.

ఙాతినెమ్ ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడిదాకా వచ్చాను. ఆ పిల్ల నర్సు మంచిదే, ఏడుస్తూనే చెప్పింది, 'మీరు ఇటు రాకూడదు అమ్మా, ముందునుంచి దిగి చుట్టూ తిరిగి వెనక వైపుకి రండి' అని. తలుపు మూసుకుంది. నేను మెట్లు దిగి పరిగెత్తాను. హాల్లోకి వచ్చాను. అక్కడ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి లేచి నిలబడి నవ్వుతూ, 'ఏం కావాలి అమ్మా' అంది. ఏమని చెప్పను? నా భర్త పోయాడు, ఎటు తీసుకుపోయారు అని ఆ నీళ్ళ దగ్గర, ఆ పూల దగ్గర ఎలా అడగను? ఎవరో ఫొటో తీసుకుంటున్నారు. ఏమీ వద్దన్నాను. బోర్డులు చూశాను. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఎక్కడా లేదు. మందుల కొట్టు ఉంది, నమాజు గది ఉంది, కాఫీ కొట్టు ఉంది. అదొక్కటీ లేదు."

లేకపోవడం నిజమే. మార్చురీ అన్న మాట ఏ బోర్డు మీదా ఉండకూడదని దనుర్వెందో గారు పట్టుబట్టాడు.

"బండ్లు నిలిపే చోట ఒకాయన్ని అడిగితే కిందకి దారి చూపించాడు. పొడుగు నడవా. లైట్లున్నాయి, మనుషులు లేరు. ఎదురుగా రెండు బండ్లు వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి. రెంటి మీదా నీలం దుప్పట్లే. గోడకి అతుక్కుని దారిచ్చాను. వాటిని తోసుకెళ్ళే అబ్బాయిలు, 'క్షమించండమ్మా' అన్నారు. అవి వెళ్ళిపోయాయి. నేను చివరిదాకా వెళ్ళి, అక్కడ ఉన్నాయన్ని సుకిది ఎక్కడ అని అడిగితే, 'ఇప్పుడే అంబులెన్సు వైపు తీసుకుపోయారు కదా, మీకు ఎదురు రాలేదా?' అన్నాడు."

చెబుతున్నంతసేపూ ఆవిడ నవ్వుతూనే ఉంది. మా వాళ్ళు దుఃఖం చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళకి బరువు కాకూడదని అలాగే నవ్వుతారు. నేను అలవాటుపడినదాన్నే, కానీ ఆ రోజు ఆ నవ్వు వైపు చూడలేకపోయాను.

"ఒక బండిలో దుప్పట్లున్నాయి. ఇంకో బండిలో ఆయనున్నాడు. ఏది ఏదో నాకు తెలియదు. నేను ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళిపోయానమ్మా. ఆయనకి చీకటంటే భయం. పోయే ముందు మాటిచ్చాను, ఇంటిదాకా చెవి దగ్గర యాసీన్ చదువుతూనే ఉంటానని. ఖురాన్‌లో నాకు నోటికొచ్చిన అధ్యాయం అదొక్కటే. గోడకి ఆనుకుని దారి ఇచ్చాను గానీ నోరు విప్పలేదు."

కినాసిహ్ రాయడం ఆపేసింది. కాసేపటికి ఙాతినెమ్ తలుపు మీదనుంచి చెయ్యి తీసి, లుంగీ సర్దుకుని, "కానీ మేడ చాలా బాగుంది, అలాగే రాయండి. కట్టినాయన వింటే బాధపడతాడు" అంది.

ఆవిడని గేటుదాకా దిగబెట్టి వచ్చాక కినాసిహ్ మెట్ల మలుపులో కూర్చుంది. బజ్జీల పొట్లం సంచిలోనే ఉండిపోయింది.

తర్వాతి వారం దనుర్వెందో గారు వచ్చాడు. డెబ్భై దాటినాయన, చేతికర్ర పట్టుకున్నా నిటారుగా నడుస్తాడు. డైరెక్టరు గదిలో మేం నలుగురమే. కినాసిహ్ ముందు ఆయన మాటలే చదివింది. ముందుహాలు గురించి, కిటికీల గురించి, వెనకదారి గురించి ఆయన ఏమనుకున్నాడో. తర్వాత మనుషులు చెప్పినవి చదివింది. కిటికీల దగ్గర రెండూ కలిశాయి. మెట్ల మలుపు దగ్గర విడిపోయాయి. ఆయన తల ఊపి, "అవును, అది నేను చూసుకోవాల్సింది. కొత్తదాంట్లో వార్డు ఎదురుగానే కూర్చునే చోటు పెడతాను" అన్నాడు. చివర్లో ఆమె ఙాతినెమ్ మాటలు చదివింది, ఒక్క ముక్క తగ్గించకుండా.

ఆయన ముఖం బిగుసుకుంది. "ఇది ఒక్క మనిషి మాట."

"అవును సార్."

"ఇన్ని వందలమంది బాగుందన్నారు. ఒక్కరి దుఃఖంతో మేడని తూస్తావా? నేను నీకు నేర్పింది ఇదేనా?"

కినాసిహ్ కాగితాలు కింద పెట్టింది. "ఆ దారిలో ఎప్పుడు వెళ్ళినా ఒక్కరే వెళ్ళారు సార్. ఒకరికి ఇంకొకరు తెలియదు. అందుకే మనకి ఎప్పుడు విన్నా ఒక్కరి మాటలాగే వినపడుతుంది."

ఆయన కర్ర అందుకుని లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. కిటికీ దగ్గరకి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"పాత ఆసుపత్రి మీకు తెలుసు కదా, ఇబు వర్సితి" అన్నాడు. నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. "వరండాలో మంచాలు ఉండేవి. మా చెల్లి సునార్తి అక్కడ పడుకుంది. టైఫాయిడ్. నేను పక్కన కూర్చునేవాణ్ణి. పొద్దున్నే ఆ వరండాలోంచే శవాల్ని మోసుకెళ్ళేవాళ్ళు, ఆ మంచాల పక్కనుంచే, తెల్లగుడ్డ కప్పి. మొదట్లో అది కళ్ళు మూసుకునేది. తర్వాత మూసుకోవడం మానేసింది. ఏ మంచం ఖాళీ అయిందో చూసి, 'అన్నయ్యా, ఇక నా వరస' అనేది. అన్నం మానేసింది. డాక్టరు నయమవుతోందన్నాడు, అయినా తినలేదు." కిటికీ చట్రం మీద చెయ్యి ఆనించాడు. "నేను గీసిన ప్రతి గోడా దానికోసమే. ఆ పిల్ల కంట శవం పడకూడదని."

ఈ సంగతి కినాసిహ్‌కి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆమె లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. గురువు భుజం మీద చెయ్యి వేసే వరస కాదు కాబట్టి, ఊరికే నిలబడింది.

ఆయన ఇటు తిరిగి, "ఆ ఙాతినెమ్ ఇల్లెక్కడ?" అని అడిగాడు.

ఫోను చేసి, ఆవిడ ఒప్పుకున్నాకే వెళ్ళాం. ఙాతినెమ్ పెరట్లో, పొయ్యి మీద సోయాగింజల డేగిసా ముందు ఉంది. ఈ పెద్దాయనెవరో తెలిసేసరికి ఆవిడ చేతిలో గరిటె జారినంత పనైంది.

"అయ్యో పాక్, నేను చెడ్డగా ఏమీ అనలేదే! మీ కిటికీ గురించి చెప్పారా వీళ్ళు? మా ఆయనకి ఎంత ఇష్టమో చెప్పారా?"

"చెప్పారమ్మా." ఆయన వెదురు బల్ల మీద కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు. ఆవిడ టేకాకులు తుడుస్తూ కూర్చుంది. ఇద్దరూ కాసేపు గింజల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన సూటిగా అడిగాడు. "నేను శవాలు ఎవరికీ కనపడకూడదనుకున్నాను. అది తప్పంటారా?"

"తప్పెందుకవుతుంది?" అందావిడ వెంటనే. "మేం ఉన్నన్నాళ్ళలో ఒక్క శవాన్నీ చూడలేదు. ఆయనసలే భయస్తుడు. చూస్తే రాత్రంతా నన్ను నిద్రపోనిచ్చేవాడు కాదు. మీరు దాచింది మంచిదే."

"మరి?"

ఆవిడ ఆకు తుడవడం ఆపింది. "దాస్తే దాచారు. నన్ను కూడా ఆ దాచిన చోటికే రానిస్తే సరిపోయేది కదా."

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు పెద్ద కోరికలేం లేవు పాక్. ఆ బండి అంతా నున్నటి రేకు. దేన్ని పట్టుకోవాలి? పెళ్ళయినప్పటినుంచీ ఆ లారీలో ఎక్కితే ఆయన పక్కన ఓ కమ్మీ ఉండేది, అది పట్టుకుని కూర్చునేదాన్ని. అలాంటిదేదో పట్టుకోవడానికి ఉంటే, పక్కనే నడిచేదాన్ని. ఏ బండి మనదో అయినా తెలిసేది."

తిరిగి వచ్చేటప్పుడు కార్లో దనుర్వెందో గారు వెనక్కి తిరిగి ఆ ఇంటివైపే చూస్తూ కూర్చున్నాడు. ఊరు దాటాక, "నేను చెల్లిని చూశాను. దాని పక్కన కూర్చున్న నన్ను చూసుకోలేదు. అది పోయిన మర్నాడు దాన్ని ఎటు తీసుకుపోయారో నాకూ తెలియదు, కినాసిహ్. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి ఆలోచించలేదు" అన్నాడు.

అనుకున్నవన్నీ జరిగాయని చెప్పను. పాత మేడ నేలమాళిగని పగలగొట్టడానికి ట్రస్టువాళ్ళు ఒప్పుకోలేదు. బోర్డు మీద మార్చురీ అని రాయడానికి కూడా డైరెక్టరు చాలాకాలం సందేహించింది. చివరికి బూడిదరంగు తలుపు మీది రాత మార్చాం. నర్సు వెంట ఉంటే ఇంటివాళ్ళు కూడా లిఫ్టులో రావచ్చు. గియార్తోకి కూడా దారి చెప్పే పని అప్పగించాం. వాడు ఆ పని చేసేటప్పుడు ఎవరితోనూ పరాచికాలాడడు.

కొత్త మేడలో మాత్రం దనుర్వెందో గారు దారంతా మళ్ళీ గీశాడు. వార్డు వెనక చిన్న గది, అందులో చాప, నమాజుకి ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూకి కుళాయి. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుని, చదువుకునేది చదువుకుని బయల్దేరవచ్చు. అక్కడినుంచి నడవా నేలమీదే ఉంటుంది, మాళిగలోకి పోదు. ఒక పక్క పొడుగునా కిటికీలున్నాయి. మంచాలమీద ఉన్నవాళ్ళకి కనపడకుండా మధ్యలో వెదురు పొద పెట్టించాడు. బండికి రెండు వైపులా చెక్క కమ్మీలు వేయించాడు. మొదట చేసిన బండిని కినాసిహ్ వార్డుబోయ్‌ల చేతా, ఇళ్ళనుంచి పిలిపించిన ముసలివాళ్ళ చేతా తోయించి చూసింది. ఎత్తు ఎక్కువైంది, పొట్టివాళ్ళ చెయ్యి అందలేదు. ఇంకోటి చేయించింది. దాని చక్రాలు చప్పుడు చేశాయి. మళ్ళీ మార్పించింది. ఆయన విసుక్కోలేదు. పని జరుగుతుంటే కర్ర మీద ఆనుకుని పక్కన నిలబడేవాడు.

ఆ మేడకి బహుమతేమీ రాలేదు. వెదురు పొద సందులోంచి బండి కనపడి భయపడ్డామని ఒకరిద్దరు ఫిర్యాదు కూడా చేశారు. వాళ్ళ మాటా అబద్ధం కాదు. పొద ఇంకాస్త దట్టంగా పెంచాం. కినాసిహ్ మళ్ళీ వచ్చి, పటం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈసారి కాగితాలు పంచలేదు.

కొత్త మేడ చూడ్డానికి రమ్మని ఙాతినెమ్‌ని అడిగాను. "ఆయన వెళ్ళిపోయాడు కదా, నాకెందుకు ఇప్పుడు" అంది. కోపంతో అనలేదు. ఆ తర్వాత అడగలేదు.

కొత్త మేడ తెరిచిన ఏడాది వానాకాలంలో, నన్ను అక్కడి వార్డుకి మార్చాక, ఒక పెద్దాయన భార్య పోయింది. బడిపంతులుగా చేసి రిటైరయినాయన, పిల్లలు లేరు. గదిలోంచి బండిని మేమిద్దరమే బయటికి తెచ్చాం, నేనూ ఒక వార్డుబోయూ. కిటికీల్లోంచి వాన వెలుతురు పడుతోంది. ఆయన కమ్మీ మీద చెయ్యి వేశాడు. నాలుగడుగులు నడిచి, తల నా వైపు తిప్పాడు.

"సిస్టర్, కాస్త మెల్లగా వెళ్ళొచ్చా?"

"మీ ఇష్టం పాక్. ఎంత మెల్లగా కావాలంటే అంత మెల్లగా వెళదాం" అన్నాను.

ఆయన నడిచాడు. వార్డుబోయ్ నడక తగ్గించాడు. వాన చప్పుడులో ఆయన భార్యతో ఏదో చెబుతున్నాడు. నేను ఒక అడుగు వెనక్కి తగ్గి, వినపడనంత దూరంలో నడిచాను.